గంజి, గింజ, లేసు

ఒకప్పుడు రేడియో పెట్టె ఉన్న ఇండ్లలో చాలమటుకు ఆ పెట్టెపై ఒక లేసు గుడ్డ పరచి ఉండేది. దుమ్ము పడకుండ అని దానికి పేరు. నిజానికి అది ఆ ఇంటి ఆడవారి పనితనము నలుగురి కంట పడుటకు దొరికిన చోటు. కుర్చీల వీపులకు, బల్లలకు, దిండు గలేబులకు కూడ అటువంటి అల్లికలే ఉండేవి. కొత్తలో వాని అంచులు పూరేకుల వలె విచ్చుకొని నిలిచేవి. ఒక్కసారి ఉతికితే చాలు, రేకులన్నీ వడలి ముద్దయి పోయేవి. అప్పుడు ఇల్లాలు వంటయింటి వైపు చూచేది. ఆ పూట వార్చిన గంజి అక్కడ గిన్నెలో సిద్ధముగా ఉండేది.

ఈ గంజిని గురించి చెప్పవలసిన చరిత్ర ఏమున్నదని కొందరికి తోచవచ్చును. లేసును గురించి పెద్ద పెద్ద గ్రంథములున్నవి. వెనిసు లేసును, ఫ్లాండర్సు లేసును ధరించిన రాజుల చిత్తరువులు, రాణుల చిత్తరువులు దేశదేశముల ప్రదర్శనశాలలలో ఉన్నవి. ఆ లేసును నిలబెట్టిన పదార్థము మాత్రము ఆ గ్రంథములలో ఏ మూలనో రెండు మాటలతో సరిపోతుంది. మేము ఆ రెండు మాటలను కొంచెము విప్పి చూడదలచినాము. విప్పిన కొలది లేసు కొంత వెనుకకు జరిగి, గింజ ముందుకు వచ్చినది. గింజను పిండి చేసిన చేతులు కూడ దాని వెంటనే కనిపించినవి.

మొదట, లేసుకు ఈ అవసరము ఎందుకు కలిగినదో చూతము. నేత గుడ్డలో పడుగు, పేక ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటవి. లేసులో దారము కంటె సందులే ఎక్కువ. సూదితో అల్లినా, కండెలతో అల్లినా, కొక్కెపు సూదితో అల్లినా, దారము ముడిపై ముడిగా సాగి మధ్య మధ్య ఖాళీలను వదలిపెడుతుంది. ఆ ఖాళీల ఆకారమే లేసు అందము. దారము మెత్తబడితే ఖాళీలు మూసుకొని పోతవి. కాబట్టి దారమునకు బయటినుండి బిగువు ఈయవలె. కర్మాగారములలో తయారగు రసాయనపు జిగురులు రాకపూర్వము ఆ బిగువు నాలుగు చోట్లనుండి వచ్చేది. గింజలనుండి, దుంపలనుండి తీసిన పిండి ఒకటి. చెట్ల బంక రెండవది. చేప జిగురు, పాలు వంటివి మూడవది. చక్కెర నాలుగవది. వీనిలో మొదటిదానికే పెద్ద చరిత్ర ఉన్నది.

పిండి పనిచేయు తీరు చాల తేలికయైనది. గింజలో పిండి సన్నని రేణువులుగా ఉంటుంది. చన్నీటిలో కలిపితే ఆ రేణువులు కరగవు, అడుగుకు చేరుతవి. నీటిని సుమారు 60 లేక 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచినప్పుడు అవి నీరు పీల్చి ఉబ్బి, పగిలి, చిక్కని ద్రవముగా మారుతవి. దానినే మనము గంజి అంటాము. దారము ఆ గంజిని పీల్చుకొన్న తరువాత నీరు ఆరిపోతుంది, పిండి పలుచని పొరగా దారమును అంటుకొని నిలుస్తుంది. బియ్యపు పిండి రేణువు మిల్లీమీటరులో వెయ్యవ వంతును కొలతగా తీసుకొంటే 3 నుండి 8 వంతులు మాత్రమే ఉంటుంది. గోధుమలోని పెద్ద రేణువులు 20 నుండి 35 వరకు ఉంటవి. బంగాళాదుంప రేణువు 100 దాక పోగలదు. సన్నని దారములోనికి సన్నని రేణువే చక్కగా చొరబడుతుంది గనుక, లేసుకు బియ్యపు గంజి శ్రేష్ఠమనే మాటకు ఇది ఆధారము. ఈ లెక్కలు తెలియని కాలములో కూడ చేతులు అనుభవముచేత దీనిని కనుగొన్నవి.

పిండి తీయు విద్య లేసు కంటె ఎంతో పాతది. క్రీస్తు పూర్వము 2వ శతాబ్దమునకు చెందిన రోమను రాజనీతిజ్ఞుడు కేటో తన వ్యవసాయ గ్రంథములో ఆ పద్ధతిని చెప్పినాడు. గోధుమలను బాగుచేసి తొట్టిలో వేసి, రోజుకు రెండుసార్లు నీరు పోయవలె. పదవనాడు నీరు వంచి, గింజలను బాగుగా పిసికి, కొత్త నారగుడ్డలో పోసి పాలు పిండవలె. ఆ పాలను ఎండలో పెట్టి ఆరనీయవలె. హల్వా కొరకు గోధుమపాలు తీయు పద్ధతి ఎరిగిన మన ఇల్లాండ్రకు ఇందులో వింత ఏమియు కనిపించదు. క్రీస్తు శకము 1వ శతాబ్దములో ప్లినీ ఈ విద్యను కియోసు ద్వీపమువారు కనిపెట్టినారని వ్రాసినాడు. గ్రీకులు ఆ పిండిని 'అమిలోను' అన్నారు. తిరుగలి అక్కరలేనిది అని దాని అర్థము. విసరకుండ, నానబెట్టి తీసిన పిండి గనుక ఆ పేరు వచ్చినది. నేటి రసాయన శాస్త్రము పిండిలోని రెండు పదార్థములకు అమిలోజు, అమిలోపెక్టిను అని పేర్లు పెట్టినప్పుడు ఆ పాత మాటనే వాడుకొన్నది.

కేటో చెప్పిన పిండి తినుటకు ఉద్దేశించినది. చివర దానిని పాలతో ఉడికించుమని ఆయన చెప్పినాడు. తినే పిండి మెడలో ధరించే అలంకారమునకు పెద్ద ఎత్తున మళ్లినది మాత్రము 16వ శతాబ్దపు ఐరోపాలో. ఆ శతాబ్దములోనే వెనిసులో సూది లేసు, ఇటలీలోను ఫ్లాండర్సులోను కండెల లేసు వృద్ధి పొందినవి. చొక్కా మెడ దగ్గర ఉండే చిన్న కుచ్చు క్రమముగా పెరిగి, మెడచుట్టు చక్రము వలె నిలిచే కంఠపట్టీ అయినది. సన్నని నారగుడ్డను వందలకొలది మడతలుగా కుచ్చి, అంచున లేసు కుట్టి, తల పళ్లెములో పెట్టినట్లు కనిపించేటట్లు దానిని ధరించేవారు. ఆ కాలపు దొరల పటములలో నేటికీ దానిని చూడవచ్చును. మడతలు నిలిస్తేనే లేసు కనిపిస్తుంది. గంజి లేనిదే మడతలు నిలువవు.

ఇంగ్లండులో మొదట ఈ విద్య ఎవరికీ తెలియదు. ఎలిజబెతు రాణికి సన్నని నారగుడ్డతో కంఠపట్టీలు కుట్టినప్పుడు, వానికి గంజి పెట్టగలవారు దేశములో దొరకలేదని ఆ కాలపు చరిత్రలో ఉన్నది. రాణిగారి బండి తోలు డచ్చివాడు గిలాము బూనెను అనునతని భార్య రాణికి మొదటి గంజి పనిమనిషి అయినది. 1564లో డింగెను వాన్ డెన్ ప్లాసె అను ఫ్లాండర్సు స్త్రీ ప్రాణరక్షణ కొరకు భర్తతో లండనుకు వచ్చి, గంజి పెట్టుటయే వృత్తిగా ప్రకటించుకొన్నది. ఆమె ఒక నైటు కుమార్తె. తల్లులు తమ కుమార్తెలను ఆమెవద్దకు నేర్చుకొనుటకు పంపేవారు. గంజి పెట్టు విద్య నేర్పుటకు ఆమె పుచ్చుకొన్నది 4 లేక 5 పౌనులు. గంజి కాచు రహస్యమునకు వేరుగా 20 షిల్లింగులు. అది ఆ రోజులలో పెద్ద మొత్తము. ఈ సన్నని గుడ్డలను చూచి, ఇక సాలెగూటితో కూడ కంఠపట్టీలు చేస్తారు కాబోలునని లండను జనము నవ్వుకొన్నారట. పరదేశమునుండి పారిపోయి వచ్చిన ఒక స్త్రీ తన చేతి విద్యతో నగరములో నిలదొక్కుకొనుట మనము గమనింపదగిన విషయము. గంజి చరిత్రలో పేరుతో నిలిచిన పనివారు బహు కొద్దిమంది. వారిలో ఈమె ఒకతె.

ఆ పని సులువైనది కాదు. గంజిని ఉండలు కట్టకుండ కాచవలె. దానిని పట్టీకి పట్టించి, అరచేతుల మధ్య తట్టి తట్టి, సందులలో పేరుకొన్న గంజిని వదలించవలె. పట్టీ తడి ఆరీ ఆరకముందే ఒక్కొక్క మడతలో పుల్ల దూర్చి గుండ్రముగా తీర్చవలె. మొదట ఈ పుల్లలు కొయ్యతోను, ఎముకతోను చేసేవారు. 1570 తరువాత ఉక్కు పుల్లలు వచ్చినవి. వానిని కాచి మడతలలో పెట్టేవారు. ఒక పట్టీని తీర్చుటకు గంటలు పట్టేది. ఒక్క వాన చినుకుతో అంత శ్రమయు పాడయ్యేది. 1583లో ఫిలిపు స్టబ్సు అను నీతివాది తన కాలపు దురాచారములను ఖండిస్తూ ఒక గ్రంథము ప్రకటించినాడు. అందులో ఆయన గంజిని సైతాను సృష్టించిన ద్రవమని తిట్టినాడు. గాలివాన వచ్చినప్పుడు ఈ పట్టీలు పాతగుడ్డల వలె రెపరెపలాడి భుజములపై వాలిపోవుటను చూచి ఆయన ఎగతాళి చేసినాడు.

స్టబ్సు కోపము ఆడంబరము మీద. పదేండ్లు గడచినవో లేదో దేశమునకు మరొక కోపము వచ్చినది. అది ఆకలినుండి వచ్చినది. 1594 మొదలు 1597 వరకు ఇంగ్లండులో వరుసగా పంటలు చెడినవి. గోధుమ ధర పేదలకు అందకుండ పోయినది. మరొకవైపు గంజి పిండి తయారుచేయువారు అదే గోధుమను, అదే తవుడును తొట్లలో నానబెట్టుచుండిరి. తినుటకు లేని గింజ ధనికుల మెడపట్టీలకు పోతున్నదనే ఫిర్యాదు ప్రభుత్వము దాక వెళ్లినది.

ప్రభుత్వము దీనిని చూచిన తీరు విచిత్రమైనది. పిండి తయారీని అదుపులో పెట్టుదుమనే పేరుతో 1588లోనే రిచర్డు యంగు అనునతనికి దానిపై గుత్త హక్కు ఇచ్చియున్నారు. ఆ హక్కు తరువాత సర్ జాను పాకింగ్టను చేతికి వెళ్లినది. హక్కు ఒకరి చేతిలో ఉన్నందువలన గింజ మిగులలేదు. పిండి ధర మాత్రము పెరిగినది. 1601 నవంబరులో పార్లమెంటు సమావేశమైనప్పుడు గుత్త హక్కులపై పెద్ద గొడవ లేచినది. హక్కుల జాబితాను సభలో చదువుచుండగా విలియము హేక్‌విలు అను సభ్యుడు లేచి, ఈ పట్టికలో రొట్టె లేదా అని అడిగినాడు. సభ్యులు విస్తుపోయినారు. ఇప్పుడు అడ్డుకొనకపోతే వచ్చే పార్లమెంటునాటికి రొట్టె కూడ ఇందులో చేరునని ఆయన అన్నాడు. పిండి వంటి నిత్యావసరములు గుత్తకు పోయిన తరువాత రొట్టె ఎంత దూరము? ఆ నెలలోనే రాణి ప్రకటన ద్వారా కొన్ని హక్కులను రద్దుచేసినది. వానిలో పిండి హక్కు ఒకటి. ఇక పట్టీలు సొగసుగా ధరింపదలచినవారికి మునుపటి కంటె తక్కువ ఖర్చుతో ఆ కోరిక తీరునని మంత్రి రాబర్టు సిసిలు సభలో చమత్కరించినాడు. చమత్కారము బాగున్నది కాని, హేక్‌విలు అడిగినది పట్టీలను గురించి కాదు, రొట్టెను గురించి. 1603లో రాజైన మొదటి జేమ్సు కాలములో కూడ ఈ చిక్కు విడలేదు. గోధుమను పిండికి వాడుటపై ఆంక్షలు, అనుమతులు మారి మారి వచ్చినవి.

తినే గింజను వదలి తినని దుంపనుండి పిండి తీయవచ్చును గదా అని ఎవరికైనా తోచును. ఆ కాలమువారికి కూడ తోచినది. ఇంగ్లండు చెట్లనీడల పెరిగే ఆరము అను మొక్క దుంపలో తెల్లని, మిక్కిలి సన్నని పిండి ఉన్నది. 1597లో ప్రకటించిన తన వృక్షశాస్త్ర గ్రంథములో జాను జెరార్డు దీనిని ప్రస్తావించి, అన్నిటికంటె స్వచ్ఛమైన తెల్లని గంజి దీనినుండి వచ్చునని, అయితే అది పనిమనిషి చేతులను పగులగొట్టి, పొక్కులెక్కించి, మంట పుట్టించునని వ్రాసినాడు. కారణము మనకు తెలియనిది కాదు. ఆరము మన కంద, చేమల కుటుంబమునకు చెందిన మొక్క. కందలో దురద పుట్టించు సూదుల వంటి స్ఫటికములు దానిలో కూడ ఉన్నవి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనలో సామెత. ఇక్కడ దుంపకు లేదు, దొర మెడలోని పట్టీకి లేదు. దురద అంతయు గంజి కాచిన చేతులకే మిగిలినది. జెరార్డు ఆ ఒక్క వాక్యము వ్రాయకుంటే ఆ చేతుల బాధ మనకు తెలిసి ఉండేదే కాదు.

తెల్లని గంజితో తృప్తి తీరలేదు. ఎరుపు, నీలము, ఊదా రంగు గంజులు వచ్చినవి. పసుపు వన్నె గంజి జేమ్సు రాజు ఆస్థానములో బాగుగా చెల్లుబడి అయినది. దానిని ప్రచారములోనికి తెచ్చినదిగా పేరు పొందిన ఆను టర్నరు అను స్త్రీ సర్ థామసు ఓవర్బరీ హత్య నేరములో చిక్కుకొని 1615లో ఉరితీయబడినది. ఆ తరువాత పసుపు గంజి పేరు చెబితే జనమునకు ఆమెయే జ్ఞాపకము వచ్చేది. స్పెయినులో 1623లో నాలుగవ ఫిలిపు రాజు పొదుపు శాసనములు చేసి పెద్ద కంఠపట్టీలను నిషేధించినాడు. వాని స్థానములో అట్టతో చేసిన సాదా పట్టీ వచ్చినది. ఇతర దేశములలో కూడ మెల్లమెల్లగా పట్టీ చక్రము వాలి భుజములపై పరచుకొన్నది. పడిన లేసుకు అంత గంజి అక్కరలేదు. మడతలు నిలబెట్టు పని తగ్గి, ఆకారమును కాపాడు పని మాత్రము గంజికి మిగిలినది.

అక్కడినుండి లేసు గంజి రాజకీయము వదలి గృహకృత్యములలో చేరినది. 19వ శతాబ్దపు ఐరోపా గృహములలో వాడిన పద్ధతులు నేటికీ పనికివచ్చును. పాత లేసును నలపకుండ ఉతుకుటకు ఒక సీసాకు మెత్తని ఉన్నిగుడ్డ చుట్టి, దానిపై లేసును చుట్టి, కుట్టువేసి, సబ్బునీటిలో ముంచేవారు. తెల్లని నూలు లేసుకు పలుచని గంజి సరిపోయేది. పట్టు లేసుకు, నల్ల లేసుకు గంజి పనికిరాదు. ఆరిన తరువాత తెల్లని పొడి కనిపిస్తుంది. అటువంటివానికి అరబ్బీ బంకను నీటిలో కరగించి వాడేవారు. మన తుమ్మచెట్టుకు చుట్టమైన చెట్టునుండి ఆ బంక వస్తుంది. వెన్న తీసిన పాలలో ముంచుట మరొక పద్ధతి. పాలలోని మాంసకృత్తు ఆరి దారమునకు కొద్ది బిగువు ఇస్తుంది. చేప గాలితిత్తినుండి తీసిన జిగురును వెచ్చని నీటిలో కరగించి చాల సన్నని లేసుకు పట్టించేవారు. బుట్టల వలె, గిన్నెల వలె నిలువవలసిన అల్లికలకు చక్కెర పాకము పెట్టేవారు. చక్కెర, నీరు సమానముగా కలిపి కాచి, చల్లారిన తరువాత అల్లికను ముంచి, గిన్నెపై బోర్లించి ఆరబెడితే కొయ్య వలె గట్టిపడుతుంది. దానిపై ఇస్త్రీ పెట్టరాదు, మాడుతుంది. చీమలను గురించి వేరే చెప్పనక్కరలేదు.

గోధుమ పిండిపై ఒత్తిడి తగ్గించిన మార్పు 19వ శతాబ్దపు నడుమ వచ్చినది. 1840లో ఆర్లెండో జోన్సు అను ఆంగ్లేయుడు క్షారపు నీటిలో బియ్యమును నానబెట్టి శుద్ధమైన పిండిని తీయు పద్ధతికి పేటెంటు పొందినాడు. బియ్యములో పిండిని పట్టుకొని ఉన్న మాంసకృత్తును క్షారము కరగించి వేస్తుంది. 1842లో అమెరికాలో థామసు కింగ్సుఫర్డు మొక్కజొన్ననుండి పిండి తీసినాడు. 1855లో బెల్జియములోని లూవెను సమీపమున రెమీ కుటుంబమువారు బియ్యపు పిండి కర్మాగారము స్థాపించినారు. లేసుకు పేరు పడిన దేశములో లేసుకు తగిన గంజి కూడ తయారైనది. అయితే అక్కడ వరి పండదు. ఆ బియ్యము ఓడలలో దూరదేశములనుండి రావలసి ఉండేది.

ఇక బియ్యము ఇంటిలోనే ఉన్న దేశమునకు వత్తము. కర్మాగారము, పేటెంటు, క్షారము ఏదియు లేకుండనే మన దేశములో బియ్యపు గంజి అనాదిగా బట్టకు పడుచున్నది. నేతవారు పడుగుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వి, దారమును మగ్గమునకు సిద్ధపరచేవారు. రజకులు ఉతికిన పంచెలకు నీలిమందు కలిపిన గంజి పెట్టేవారు. ఈ మాట ఎంత వ్యాపించినదనగా ద్రావిడ భాషలనుండి పోర్చుగీసువారి నోట పడి ఇంగ్లీషులో కూడ చేరినది. 1886లో యూలు, బర్నెలు ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను నిఘంటువులో గంజికి రెండు ఉపయోగములు చెప్పబడినవి. రోగికి పథ్యము ఒకటి, చాకలివారి గంజి ఒకటి. సైన్యములోని జైలుగదికి గంజియిల్లు అని పేరుండేదని కూడ అందులో ఉన్నది. ఖైదీకి అక్కడ దొరికే ఆహారము అదియే గనుక ఆ పేరు వచ్చినది.

గంజి అటు కూడు, ఇటు బట్టకు బిగువు. ఇంగ్లండులో గోధుమను నానబెట్టి పిండి తీసినప్పుడు రొట్టె పోయేది. మన ఇంటిలో అన్నము వార్చిన తరువాత మిగిలినది గంజి. కూడు కంచములోనే ఉన్నది, నీరు మాత్రమే బట్టకు పోయినది. పైకి చూచుటకు ఇందులో తగవు లేదు. అయినప్పటికి ఇది పూర్తిగా నిజము కాదు. కలిగిన ఇంట వార్చి పారబోసిన గంజి లేని ఇంట పూట గడిపే ఆహారము. గంజి త్రాగేవానికి మీసాలెత్తేవాడొకడా అను సామెతలో పేదవాని గిన్నెలో ఏమున్నదో స్పష్టముగా ఉన్నది. 1952లో రాయలసీమ కరువుకాలములో ప్రభుత్వము గంజి కేంద్రములు నడపవలసి వచ్చినది. అటువంటి రోజులలో గంజిని బట్టకు పెట్టుమని ఎవరు చెప్పగలరు?

మరొక సంగతి శాస్త్రజ్ఞులు చెప్పినారు. 20వ శతాబ్దపు మొదటి సగములో ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ఎక్కువగా ఉండేది. కూనూరు పోషకాహార పరిశోధనాలయమువారు దానిని పరిశీలించినారు. మరలో తెల్లగా పాలిషు పట్టిన బియ్యములో బి-1 విటమిను తక్కువ. ఉన్న కొద్దిపాటిలో కొంత కడుగునీటితో పోతుంది, కొంత వార్చిన గంజితో పోతుంది. ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. కాబట్టి మనము ఊరక వచ్చినదనుకొన్న గంజిలో కూడ మనిషి బలము కొంత ఉన్నది. బట్ట నిలిచినప్పుడల్ల ఆ బలములో కొంత బట్టకు పోయినదన్నమాట.

మన లేసుకు, మన గంజికి కలయిక గోదావరి మండలములో జరిగినది. 1832–33లో తెలుగుదేశమును నందన కరువు పట్టి పీడించినది. 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట గోదావరి డెల్టాను వరిపొలము చేసినది. ఆ 19వ శతాబ్దములోనే ఈ మండలములో పనిచేసిన క్రైస్తవ మిషనరీ కుటుంబముల స్త్రీలు ఇక్కడి పేద స్త్రీలకు లేసు అల్లిక నేర్పినారు. కాలక్రమమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములు కొక్కెపు సూది లేసుకు, అనగా క్రోషే లేసుకు, పేరు పొందినవి. ఐరోపాలో పుట్టిన అల్లిక వరిపొలముల నడుమకు వచ్చి నిలిచినది. ఇక్కడ గంజి కొరకు వెదకవలసిన పని లేదు.

ఇంటిలో అల్లిన లేసుకు గంజి పెట్టు పద్ధతిని ఇక్కడ చెప్పుట అప్రస్తుతము కాదు. వార్చిన గంజిలో మెతుకులు, మీగడ లేకుండ పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టవలె. నీరు కలిపి పాలకంటె పలుచన చేయవలె. చిక్కని గంజి సందులను పూడ్చివేస్తుంది. ఇస్త్రీ అంటుకొనకుండ కొద్ది మైనము వేడి గంజిలో కరగించుట పాత అలవాటు. ఉతికి తడిగా ఉన్న లేసును అందులో ముంచి, మెలిపెట్టక, రెండు తుండుగుడ్డల నడుమ అదిమి నీరు తీయవలె. పీటపై తెల్లగుడ్డ పరచి, తుప్పు పట్టని గుండుసూదులతో నడిమి పువ్వునుండి అంచుల దాక లాగి గుచ్చవలె. నీడన ఆరనీయవలె. ఇస్త్రీ చేయదలిస్తే బోర్లవేసి, పైన పలుచని గుడ్డ వేసి చేయవలె. బియ్యపు గంజి లేనప్పుడు సగ్గుబియ్యపు గంజియో, పాలగుండ గంజియో పనికివచ్చును. గంజి పెట్టిన లేసును పెట్టెలో దాచరాదు. తేమకు బూజు పడుతుంది, వెండిపురుగులు తింటవి. పాత లేసును భద్రపరచు ప్రదర్శనశాలలవారు గంజిని కడిగివేసి మెత్తగానే దాచుతారు. దాచునప్పుడు మెత్తగా, వాడునప్పుడు బిగువుగా ఉంచుట లేసుకు మేలు.

ఇన్ని చెప్పిన తరువాత చేతుల సంగతి చెప్పక తప్పదు. నరసాపురము ప్రాంతపు లేసు పనిని జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంటిలో కూర్చుండి గంటలకొలది అల్లిన స్త్రీల పనిని తీరుబడి పనిగా లెక్కకట్టుటయే వారి కూలి అంత తక్కువగా ఉండుటకు కారణమని ఆమె చూపినది. వారు గృహిణులు గనుక కార్మికులు కారట. లేసు సముద్రములు దాటినది. అల్లిన చేతి పేరు దాటలేదు. 2024లో నరసాపురము క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇకమీదట ఆ ఊరి పేరు ఇతరులు పెట్టుకొనకుండ చట్టము కాపాడుతుంది. మంచిదే. ఊరికి వచ్చిన గుర్తింపు అల్లినవారి కూలిలో కనిపించినప్పుడే అది పూర్తి అవుతుంది.

నాలుగు శతాబ్దముల ఈ కథలో మనకు పదే పదే ఎదురైనది ఒక్కటే విషయము. ధరించినవారి పేర్లు పటములలో ఉన్నవి. గింజ ధర పార్లమెంటు చర్చలలో ఉన్నది. పొక్కులెక్కిన చేతులు ఒక వృక్షశాస్త్ర గ్రంథములో ఒక వాక్యమై మిగిలినవి. లేసును కొనునప్పుడు మనము దాని సందులను, పువ్వులను పరిశీలిస్తాము. అల్లికకు పట్టిన గంటలెన్ని, ఆ గంటకు ముట్టిన కూలి ఎంత అని కూడ ఒక మాట అడిగి కొనుట న్యాయము. గంజి ఎంత మంచిదైనా లేసును కొన్నాళ్లే నిలబెట్టగలదు. ఈ పనిని తరతరాలుగా నిలబెట్టినది ఆ చేతులే.